ఎర్రకొండకు యాప్ పెట్టిన వైనం

గుర్రాలపట్నం జనం ఆరుబయటికి వెళ్లడం మానేశారని మొట్టమొదట కనిపెట్టింది రాజధానిలో తయారైన ఒక నివేదిక. రాసినవాళ్లు గుర్రాలపట్నం వచ్చి చూసిన దాఖలాలేమీ లేవు గానీ, అందులో రంగురంగుల పటాలున్నాయి, చివర్న పద్నాలుగు సిఫార్సులున్నాయి కాబట్టి నమ్మక తప్పలేదు. జనం ఇళ్లలో ఫోన్లకు అతుక్కుపోయారనీ, వాళ్లను కొండలకూ కోనలకూ మళ్లించాలంటే ఆ ఫోన్లలోనే ఇంకో యాప్ పెట్టాలనీ ఆ సిఫార్సుల సారం.

ఆ పని విహార ప్రోత్సాహక మండలి జిల్లా కార్యాలయం నెత్తిన పడింది. మండలి ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంటుంది. ఏసీ చల్లదనం బయటికి పోకుండా కిటికీలకు మేకులు కొట్టేసి, వాటి మీద దళసరి తెరలు దించారు. తెర తీస్తే ఎదురుగా ఎర్రకొండ కనిపించాలి. కానీ తెరలు లాగే తాళ్లు ఎప్పుడో తెగిపోయాయి, కొత్త తాళ్లకు టెండరు పిలవాల్సి ఉంది.

"మన పౌరులు ప్రకృతితో తమకు గల అనాది అనుబంధాన్ని విస్మరించియున్నారు," అన్నారు మేనేజింగ్ డైరెక్టరు శేషావతారం గారు, ట్యూబులైట్ల వెలుగులో అందరినీ కలయజూస్తూ. ఇంటి పోర్టికో నుంచి కారుకీ, కారు నుంచి లిఫ్టుకీ మారుతూ పంతొమ్మిదేళ్లుగా ఎండ తగలకుండా సర్వీసు చేసిన మనిషి. "ఈ పరిస్థితిని యుద్ధప్రాతిపదికన సరిదిద్దవలసియున్నది. యాప్ పేరు 'రండి బయటికి'. దీనిని రూపొందించే బాధ్యత గౌరీపతికి అప్పగించడమైనది."

గౌరీపతి ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే సాంకేతిక సహాయకుడు. ముప్పై ఆరేళ్లు ఉంటాయి. అతను మొహమాటపడుతూనే చెయ్యి ఎత్తాడు.

"సార్, మన ఎర్రకొండ మీదికి రోజూ పొద్దున్న మూడొందల మంది దాకా వెళ్తారండి. నేనూ వెళ్తానండి."

గదిలో అందరూ అతని వంక చూశారు.

"యాప్ లేకుండానా?" అన్నారు శేషావతారం గారు.

"అవునండి."

"మరి వెళ్తున్నట్టు వాళ్లకెలా తెలుస్తోంది?"

శేషావతారం గారు ఇంకో ప్రశ్న వేశారు. "ఎవరి ప్రోత్సాహంతో వెళ్తున్నారు?"

"సన్యాసమ్మ గారని ఒకావిడ ఉన్నారండి. రిటైరైన నర్సు."

"ఆవిడ మనకు అనుబంధ సంస్థా?"

"కాదండి. మా వీధి చివర ఉంటారండి."

"అయితే అది పరిగణనలోకి రాదు," అని ఆయన తరువాతి అంశానికి వెళ్లిపోయారు.

ఆయన పరిగణనలోకి తీసుకోకపోయినా, గౌరీపతి బతికి బట్టకట్టింది మాత్రం ఆ సన్యాసమ్మ పుణ్యమే. మూడేళ్ల కిందట అతనికి షుగరు రెండొందల ఎనభై ఉందని తేలింది. చీటీ పట్టుకుని మొహం వేలాడేసుకుని వీధిలో పోతుంటే ఆవిడ ఆపి, చీటీ లాక్కుని చదివి, "రేపు అయిదింటికి గుమ్మంలో ఉండు. నేకపోతే నానే వొచ్చి లేపుతాను," అంది. ముప్పైమూడేళ్లు ఊరందరికీ పురుళ్లు పోసిన చెయ్యి అది. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, కుడి మోకాలు సరిగా వంగదు. ఆ మోకాలితోనే చెప్పుల్లేకుండా కొండెక్కుతుంది. మొదటివారం గౌరీపతికి సగం దారిలోనే కళ్లు బైర్లు కమ్మాయి. మూడో నెలకు పైదాకా వెళ్లాడు. పైన చెమట పట్టిన మొహానికి గాలి తగిలినప్పుడు, ఈ లోకంలో ఏ కాంట్రాక్టూ లేకుండా తనకు దొరికిన సుఖం ఇదొక్కటే అనిపించింది. అందుకే యాప్ పని తన మీద పడ్డందుకు అతను నిజంగానే సంతోషపడ్డాడు. తనకు తెలిసిన సుఖం పదిమందికి చెప్పే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది?

వారం రోజుల్లో నమూనా తయారుచేసి పట్టుకెళ్లాడు. తెర మీద కొండ ఫొటో, దారి మొదలయ్యే చోటు, ఇవాళ ఎండ ఎంతుందో చెప్పే అంకె, అడుగున 'వెళ్దాం' అని ఒక బొత్తాం. అంతే.

శేషావతారం గారు ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు. "మిగతాదేదీ?"

"అంతేనండి సార్. చూసి వెళ్తారండి."

"ఇది మరీ సులువుగా ఉందయ్యా. సామాన్యుడు కూడా వాడేసేలా ఉంది."

వెంటనే ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం సలహాల మీద ఇంకో ఉపసంఘం కూర్చుంది. నెల తిరిగేసరికి ఆ ఒక్క తెర నలభై ఒకటయింది. మొదట మండలి ఆశయాలు, తరువాత శేషావతారం గారి సందేశం, ఆ తరువాత పౌరుడి ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞ పైకి చదివితే గానీ ముందుకు కదలదు. ఇరవయ్యారో తెరలో 'ప్రకృతిని చూడదలచుటకు గల కారణం' అని ఉంటుంది. ఆరోగ్యం, భక్తి, ఇతరములు అని మూడు గళ్లు. ఇతరములు అన్నవాళ్లు రెండొందల మాటలకు తక్కువ కాకుండా వివరణ జతపరచాలి.

కొండ దారి గుర్తులు పెట్టడానికి ఒక్కపూట కొండకు వెళ్లొస్తానని గౌరీపతి అర్జీ పెట్టుకున్నాడు. ఆఫీసులో గంటకోసారి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని కెమెరాకు మొహం చూపించాలి, అదీ అక్కడి హాజరు పద్ధతి. "బయటికి వెళ్లే యాప్‌ను బయటికి వెళ్లి తయారుచేస్తానంటే హాజరు ఏమైపోవాలి?" అని శేషావతారం గారు నవ్వి, గోడ మీది పటం చూసి స్కేలుతో గీసుకోమన్నారు. గీశాక వచ్చి చూసి, దారి మరీ వంకర్లు తిరుగుతోందనీ, తిన్నగా చేస్తే పౌరుడి సమయం ఆదా అవుతుందనీ సవరించారు. అలా సవరించిన దారి రాతి క్వారీ గోతిలో దిగి, అవతలి అంచు మీద పైకి లేస్తుంది.

ఇంతవరకూ జరిగింది ఏ ఆఫీసులోనైనా జరిగేదే. గణాంకాధికారిణి ఇందుమతీదేవి గారు రంగంలోకి దిగాక కథ మలుపు తిరిగింది. ఆవిడ మంచిది, పద్ధతైన మనిషి, అబద్ధపు అంకె రాయమంటే ఉద్యోగం వదులుకుంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

"యాప్ వల్ల ఎంతమంది బయటికి వెళ్లారో రుజువు చెయ్యాలంటే, యాప్ లేనప్పుడు ఎంతమంది వెళ్లేవారో ముందు తెలియాలి సార్," అందావిడ. "ఇప్పటికే మూడొందల మంది వెళ్తున్నారని గౌరీపతి అంటున్నాడు. రేపు నాలుగొందల మంది వెళ్తే మన ఘనత వందే."

"ఇది అన్యాయం," అన్నారు శేషావతారం గారు.

"ప్రాతిపదిక సున్నా అయితే సార్, ఒక్కడు వెళ్లినా వృద్ధి అనంతం."

అనంతం అనే మాట విని శేషావతారం గారి కళ్లు చెమర్చాయి. తన సర్వీసులో పన్నెండు శాతం వృద్ధిని మించి ఎన్నడూ చూసినవారు కాదు. "ప్రాతిపదికను సున్నాకు తేవడానికి తగు చర్యలు తీసుకొనవలెను," అని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు.

నాలుగో రోజు పొద్దున్న గౌరీపతి కొండ దగ్గరికి వెళ్లేసరికి దారికి అడ్డంగా ఆకుపచ్చ ఇనప గేటు, గేటుకు రెండు పక్కలా ముళ్లకంచె, మధ్యలో బోర్డు. 'ప్రజలను ఆరుబయలుకు ప్రోత్సహించు నిమిత్తం ఈ కొండ మూసివేయడమైనది. అతిక్రమించి ప్రకృతిని ఆస్వాదించువారు శిక్షార్హులు.' బోర్డు ముందు మూడొందల మందీ నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు సన్యాసమ్మ ఉంది.

"ఏటి బాబూ ఇది? కొండకి తలుపేటి?"

"మా ఆఫీసువాళ్లు పెట్టారు పిన్నీ. రెండు నెలలే."

"కొండేటైనా పారిపోతన్నాదా?"

"అది కాదు పిన్నీ. జనాన్ని కొండెక్కించడానికి యాప్ చేస్తున్నాం. ముందు ఎవరూ ఎక్కకుండా ఉంటే గానీ తర్వాత ఎక్కినట్టు లెక్క తేలదట."

సన్యాసమ్మ గేటు ఊచ పట్టుకుని అతని మొహంలోకి చూసింది. "ముప్పైమూడేళ్లు పురుళ్లు పోసినాను. పురుళ్ల లెక్క పెరగాలని ముందు ఊళ్లో మొగుడూ పెళ్లాల్ని ఏరు సేసీమని ఏ డాక్టరూ నాకు సెప్పనేదు."

జనం గొల్లుమని నవ్వారు. గౌరీపతికి సిగ్గుతో చెవులు కాలాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నడక ఆపీసినానంటే ఈ మోకాలు బిగిసిపోద్ది బాబూ. అది నీకూ తెల్సు," అని వెనక్కి తిరిగి నెమ్మదిగా ఇంటికి నడిచింది.

అది చాలదన్నట్టు శేషావతారం గారు రెండో కాగితం తీశారు. యాప్ ప్రారంభించిన నెలలోపు అయిదు వేల విహారాలు నమోదు కావాలి. కాకపోతే ఎర్రకొండ ప్రజాదరణ లేని కొండగా తేలినట్టే. అప్పుడు గేటు శాశ్వతంగా మూసి, కొండ కింద 'కొండ అనుభూతి కేంద్రం' కడతారు. ఏసీ హాలు, ఇరవై నడక యంత్రాలు, ఎదురుగా గోడంత తెర, దాని మీద కొండ వీడియో. "ప్రజలు కొండ వద్దకు రాకపోతే, కొండనే ప్రజల వద్దకు తెచ్చెదము," అన్నారాయన. శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టించారు. గౌరీపతికి ఆ రాత్రి అన్నం సహించలేదు. తన చేతుల మీదుగా తయారైన యాప్ గట్టెక్కకపోతే ఇక ఊరికి కొండ లేదు.

యాప్ గట్టెక్కకుండా చూసే పని భద్రతాధికారి జగన్నాయకులు గారు తీసుకున్నారు. ఎప్పుడో ఒక పెళ్లిలో పందిరి గుంజ వచ్చి ఆయన భుజం మీద పడింది. అప్పటినుంచీ ఆయన దేని కిందా కూర్చోరు, దేనినీ ఆనుకోరు. కొండ మీద ప్రమాదాల జాబితా ఆయన స్వయంగా చదివి వినిపించారు. ఎండ, ఎండ లేకపోవడం, గాలి, మంచు, రాళ్లు, గండుచీమలు, తేనెటీగలు, కోతులు, వాలు.

"వాలు కూడానా సార్? అది కొండ కదండీ," అన్నాడు గౌరీపతి.

"నా అభ్యంతరం కూడా అదే," అన్నారు జగన్నాయకులు గారు.

ఆయన సలహా ప్రకారం యాప్‌లో ఒక దీపం పెట్టారు. ఏ ప్రమాదమూ లేనప్పుడే ఆకుపచ్చగా వెలుగుతుంది, అది వెలిగితేనే గేటు తాళం తీస్తుంది. పరీక్ష కోసం నెల రోజులు నడిపి చూస్తే ఆకుపచ్చ దీపం మొత్తం మీద పదకొండు నిమిషాలు వెలిగింది. నలభై ఒక్క తెరలూ పూర్తిచేయడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఈ సంగతి గౌరీపతి మీటింగులో చెబితే, వేగంగా చదవగల పౌరులను ప్రోత్సహించాలని తీర్మానించారు.

జగన్నాయకులు గారు ఇంకొక నిబంధన కూడా లావుపాటి అక్షరాలతో రాయించారు. సర్వరు ఆగిపోయిన పక్షంలో గేటు దానంతటదే తెరుచుకోవాలి, మళ్లీ లేచాక దానంతటదే మూసుకోవాలి. ఏ పౌరుడూ ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రకృతిలో చిక్కుకుపోరాదు.

ప్రారంభోత్సవం కల్యాణ మండపంలో జరిపారు, బయట ఎండగా ఉంది కాబట్టి. జ్యోతి వెలిగించారు, తెర మీద కొండ వీడియో వేశారు, వచ్చినవాళ్లందరికీ పులిహోర పొట్లాలు పంచారు. సన్యాసమ్మ కూడా వచ్చింది, చేతిలో కర్రతో. రెండు నెలల్లో మోకాలు ఆవిడ అన్నంత పనీ చేసింది. గౌరీపతి ఆవిడ పక్కన కూర్చుని ఫోనులో యాప్ వేసి, ఒక్కొక్క తెరా తనే చదివి వినిపించాడు. ఇరవయ్యారో తెర దగ్గర ఆగాడు.

"ప్రకృతిని చూడ్డానికి కారణం ఏమిటని అడుగుతోంది పిన్నీ."

"కారణమేటి బాబూ? కొండుంది, కాళ్లున్నాయి."

"అది ఇతరములు కిందికి వస్తుంది పిన్నీ. రెండొందల మాటలు రాయాలి."

సన్యాసమ్మ ఫోను అతని చేతిలో పెట్టేసింది. "నువ్వు సెడ్డోడివి కాదు. ఎలగ సిక్కుకున్నావో ఏటో," అంది. ఆవిడ తిట్టి ఉంటే అతనికి ఇంత బాధ ఉండేది కాదు.

మూడు వారాలు గడిచేసరికి నమోదైన విహారాలు తొమ్మిది. అందులో ఎనిమిది మండలి ఉద్యోగులవే, అవి కూడా జగన్నాయకులు గారి ప్రత్యేక అనుమతితో గేటు దాకా వెళ్లి ఫొటో దిగినవి. తొమ్మిదోది, బస్టాండులో యాప్ తెరిచి ఉన్న ఫోను కొట్టేసి అవతలివైపు నుంచి కొండ దాటి పారిపోయిన దొంగది. అతనిని లెక్కలోకి తీసుకోవచ్చా అన్న చర్చ గంటసేపు నడిచింది. "ఆయన కూడా ప్రోత్సాహం పొందిన పౌరుడే," అని శేషావతారం గారు తీర్పు చెప్పారు. ఇందుమతీదేవి గారు తొమ్మిదే అని రాసుకుంది.

గడువు వారమే ఉంది. అప్పుడు శేషావతారం గారు సామూహిక ప్రేరణ దినం ప్రకటించారు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి జిల్లాలోని ఉద్యోగులూ, పంతుళ్లూ, మహిళా సంఘాలవాళ్లూ ఎక్కడున్నవాళ్లు అక్కడే యాప్ తెరవాలి. పట్నంలో ఉన్నవాళ్లు ఎర్రకొండ కిందికి వచ్చి తెరవాలి. ఆ ఒక్కపూటకు ఆకుపచ్చ దీపాన్ని ఆఫీసు నుంచే వెలిగించి ఉంచుతారు. ఈ ఉపాయం తనకే తట్టినందుకు ఆయన చాలాసేపు ఆనందించారు.

ఆదివారం తెల్లారేసరికి కొండ కింద ఇసుక వేస్తే రాలనంత జనం. శేషావతారం గారు షామియానా కింద వేదిక మీద కూర్చున్నారు. గౌరీపతిని ఆఫీసులో సర్వరు గదిలో ఉంచారు. అది అసలు గదే కాదు, పాత ఫైళ్ల కొట్టు. అందుకే దాని కిటికీకి ఎవరూ తెర వెయ్యలేదు. గౌరీపతి అందులోంచి కొండను చూస్తూ ఆరు గంటలు ఎప్పుడవుతుందా అని కూర్చున్నాడు.

ఆరింటికి నలభై వేల ఫోన్లు ఒక్కసారి ప్రతిజ్ఞ చదవడం మొదలుపెట్టాయి. ఆరూ మూడుకు సర్వరు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

అక్కడ కొండ కింద తాళం టక్కుమని ఊడి, గేటు మెల్లగా లోపలికి తెరుచుకుంది.

అందరూ తెరుచుకున్న గేటు కేసి, ఆగిపోయిన ఫోన్ల కేసి మార్చి మార్చి చూశారు. తరువాత జనంలోంచి ఒక చిన్న ఆకారం కర్ర ఊనుకుంటూ ముందుకు కదిలింది. కుడి కాలు పక్కకు విసిరి వేసే ఆ నడక గౌరీపతి అంత దూరం నుంచీ గుర్తుపట్టాడు. ఆవిడ గేటు దాటింది. వెనకాల పాత మూడొందల మందీ దాటారు. వాళ్ల వెనక, ఫోను పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ పంతుళ్లు, గుమాస్తాలు, సంఘాల ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, అందరూ ఎక్కడం మొదలుపెట్టారు.

గౌరీపతి ఫోను మోగింది.

"గౌరీపతీ! సర్వరు స్తంభించినదట! తక్షణం పునరుద్ధరింపుము!" అని వేదిక మీంచి శేషావతారం గారి కేక.

"ఒక్క బొత్తాం నొక్కితే లేస్తుందండి సార్. కానీ లేస్తే గేటు మూసుకుపోతుందండి. జనం లోపలికి వెళ్తున్నారు."

"యాప్ లోపలికా?"

"కాదండి. కొండ మీదికి."

"నమోదు కాకుండానా! నొక్కవయ్యా ముందు!"

గౌరీపతి బొత్తాం మీద వేలు పెట్టాడు. కాంట్రాక్టు ఇంకో తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. కిటికీలోంచి చూస్తే కొండ దారి పొడవునా రంగురంగుల చీరలు, చొక్కాలు వంకర్లు తిరుగుతూ పైకి పాకుతున్నాయి. అన్నిటికీ ముందు ఒక తెల్లచీర ఉంది. నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్లీ నాలుగడుగులు వేస్తోంది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"సార్, ఎంత నొక్కినా లేవడం లేదండి," అన్నాడు. ఉద్యోగంలో చేరాక అతను ఆడిన మొదటి అబద్ధం అదే. "తొమ్మిదింటిదాకా లేచేలా లేదండి."

మర్నాడు మీటింగులో బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి గౌరీపతికి సంజాయిషీ నోటీసు, రెండోది శంకుస్థాపన ఆహ్వానపత్రం. శేషావతారం గారు మొదటిదాని మీద సంతకం పెట్టబోతుండగా ఇందుమతీదేవి గారు లోపలికి వచ్చింది. గేటు కెమెరాలో జనాన్ని ఆవిడ ఒక్కొక్క తలా లెక్కపెట్టింది, నిన్నంతా భోజనం కూడా మానేసి.

"యాప్ పనిచేసిన ఇరవై మూడు రోజుల్లో విహారాలు తొమ్మిది సార్. యాప్ పనిచెయ్యని మూడు గంటల్లో విహారాలు అయిదు వేల మూడొందల పన్నెండు."

"అనగా?"

"యాప్ ఫలితం ఇస్తోంది సార్. కానీ ఆగిపోయి ఉన్నప్పుడు ఇస్తోంది. లక్ష్యం దాటేశాం."

శేషావతారం గారు కలం కిందపెట్టారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం, అనుమానం, చివరికి ఒక మహా ప్రశాంతత వరుసగా కనిపించాయి.

"ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే అనవచ్చు," అన్నారాయన లేచి నిలబడి. "కానీ నిశ్చలస్థితి అనునది ఈ యాప్ యొక్క రెండవ దశ. అది మొదటి నుంచీ మన ప్రణాళికలో అంతర్లీనంగా ఉన్నదే. గౌరీపతీ, నిన్న దీనిని లేవనీయకుండా నిలిపినది నీవే గదా?"

"అవునండి," అన్నాడు గౌరీపతి. ఈసారి అబద్ధం కాదు.

మూడు వారాల్లో రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. 'రండి బయటికి' యాప్‌ను శాశ్వతంగా నిశ్చలస్థితిలో నిర్వహించాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. యాప్‌ను ఎలా ఆపి ఉంచాలో చూసి నేర్చుకోవడానికి పక్క జిల్లాల నుంచి బృందాలు వచ్చి, సర్వరు పక్కన నిలబడి ఫొటోలు దిగాయి. అనుభూతి కేంద్రం ఫైలు అటక ఎక్కింది. గేటు తెరిచే ఉండిపోయింది. గౌరీపతి ఉద్యోగం పర్మనెంటు అయింది. అతనిప్పుడు నిశ్చలస్థితి నిర్వహణాధికారి.

ఊరంతా సంతోషించింది. గౌరీపతి కూడా సంతోషించాడు, కొత్త పనివేళలు చదివేవరకూ. ఆ సర్వరుకు దానంతటదే లేచే దురలవాటు ఉంది. లేస్తే గేటు మూసుకుపోతుంది. కాబట్టి జనం కొండెక్కే వేళ, రోజూ పొద్దున్న అయిదు నుంచి తొమ్మిది దాకా, నిర్వహణాధికారి దాని పక్కన కూర్చుని, లేవబోయినప్పుడల్లా ఆపాలి.

అలా గుర్రాలపట్నంలో ఎర్రకొండ ఎక్కనివాడు గౌరీపతి ఒక్కడే మిగిలాడు. రెండు నెలలు కిటికీలోంచి అందరినీ చూశాడు. సన్యాసమ్మ కర్ర పారేసి ఎక్కడం కూడా చూశాడు. మూడో నెలలో షుగరు చూపించుకుంటే రెండొందల పది ఉంది. ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో ఎదురైంది.

"ఊరంతా ఎక్కతన్నారు, నువ్వేటి కనిపించవు?"

"యాప్ లేవకుండా కాపలా కాయాలి పిన్నీ."

"పడుకున్నదాన్ని పడుకోబెట్టడానికి ఒక ఆఫీసరేటి?" అని ఆవిడ అతని చేతిలో చీటీ లాక్కుని చదివింది. తిరిగి ఇచ్చేటప్పుడు అతని మొహంలోకి కాసేపు చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

గౌరీపతి ఆ రోజు ఇంట్లో కూర్చుని, నాలుగేళ్లలో ఆఫీసులో నేర్చుకున్న భాషంతా పోగుచేసి నోటు రాశాడు. 'యాప్ పనిచేయుట లేదని కార్యాలయంలో కూర్చుని ధ్రువీకరించుట అసమగ్రం. క్షేత్రస్థాయిలో, అనగా కొండ శిఖరమున, ప్రతిదినం ఉదయం తనిఖీ చేసి ధ్రువీకరించుటకు అనుమతి కోరడమైనది.' శేషావతారం గారు నోటు చదివి, ఇన్నాళ్లకు నీకు పాలన అబ్బిందయ్యా అని మెచ్చుకున్నారు. కింద ఇలా రాశారు: 'అనుమతించడమైనది. అయితే శిఖరమునకు వెళ్లినట్టు రుజువుగా ప్రతిదినం యాప్‌లో నమోదు చేయవలెను.'

గౌరీపతి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. యాప్ లేస్తే ఉద్యోగం పోతుంది. లేవకపోతే కొండ పోతుంది. చాలాసేపు తల పట్టుకున్నాడు. తరువాత కలం తీసి, ఆ కాగితం అడుగునే తన జవాబు రాసిపెట్టాడు: 'ప్రతిదినం నమోదుకు ప్రయత్నించెదను. ఉత్తర్వుల ప్రకారం ప్రతిదినం విఫలమయ్యెదను. వైఫల్యమే రుజువుగా స్వీకరింప ప్రార్థన.' రెండో రోజు ఫైలు తిరిగొచ్చింది. 'సంతృప్తికరం' అని ఉంది, కింద ఆకుపచ్చ సంతకం.

మర్నాడు పొద్దున్న అయిదింటికి గౌరీపతి సర్వరు గదిలోకి వెళ్లి, గోడలో గుచ్చి ఉన్న కరెంటు తీగను రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దాన్ని సర్వరు నుంచి కూడా ఊడదీసి, చుట్టచుట్టి భుజాన వేసుకుని, మెట్లు దిగి, కొండ దారి పట్టాడు. గేటు బార్లా తెరిచి ఉంది. సన్యాసమ్మ దాని దగ్గరే నిలబడి ఉంది, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

"బుజానేటి బాబూ అది?"

"నా ఉద్యోగం పిన్నీ. ఇది నా దగ్గరుంటే అక్కడ యాప్ లేవదు."

సన్యాసమ్మ పడీ పడీ నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉజ్జోగాన్ని మోసుకుంటూ కొండెక్కినోణ్ని నిన్నే సూస్తన్నాను," అంది. "పద పద, నాకన్నా ఎనకపడితే ఊరుకోను."